వాల్‌స్ట్రీట్ బోనస్‌లు తగ్గితే జనం ఎందుకు జాలిపడరు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జనవరి వచ్చేసరికి న్యూయార్క్ నుంచో లండన్ నుంచో బోనస్‌ల వార్త ఒకటి వస్తుంది. మార్కెట్ బాగాలేని ఏడాదైతే అది కోత వార్త. విన్న మామూలు జనం స్పందన కూడా ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. "అయ్యో పాపం" అంటారు, కాకపోతే వెటకారంగా. ఆ వెటకారం ఎక్కడి నుంచి వచ్చింది, అందులో ఎంత న్యాయం ఉంది అని అడిగేవాళ్లు చాలామందే. వాళ్లు మామూలుగా వేసే ప్రశ్నలు, నాకు తోచిన జవాబులు ఇవి.

బోనస్ అంటే యజమాని సంతోషించి ఇచ్చే బహుమతా, జీతంలో భాగమా?

గొడవంతా ఈ మాట దగ్గరే మొదలవుతుంది. బయటివాళ్ల చెవికి బోనస్ అంటే జీతం పైన వచ్చే డబ్బు. వస్తే సంతోషం, రాకపోతే పోయేదేమీ లేదు. వాల్‌స్ట్రీట్‌లో, అంటే న్యూయార్క్‌లోని షేర్లు, పెట్టుబడుల వ్యాపార లోకంలో, పనిచేసేవాళ్లు అలా అనుకోరు. పెద్ద పెట్టుబడి బ్యాంకుల్లో ఒక స్థాయి దాటినవాళ్లకు ఏడాది సంపాదనలో సగానికి పైగా బోనస్ రూపంలోనే వస్తుంది. నెలనెలా వచ్చేది ఇంటి ఖర్చులకు, ఏడాది చివర వచ్చేదే అసలు సంపాదన అన్నట్టు లెక్క వేసుకుంటారు. అందుకే బోనస్ తగ్గిందంటే వాళ్లకు జీతం కోసినట్టు ఉంటుంది. వినేవాళ్లకేమో కానుక కాస్త చిన్నదైందని ఏడుస్తున్నట్టు ఉంటుంది.

దీని వెనక కొంత చరిత్ర ఉంది. ఈ కంపెనీల్లో చాలావరకు ఒకప్పుడు భాగస్వామ్య సంస్థలు. భాగస్తులు సొంత డబ్బు పెట్టి వ్యాపారం చేసేవారు, ఏడాది చివర మిగిలింది పంచుకునేవారు. నష్టం వస్తే అదీ వాళ్ల నెత్తినే పడేది. తర్వాత ఒక్కొక్కటిగా షేర్ మార్కెట్లోకి వచ్చాయి. గోల్డ్‌మన్ శాక్స్ అయితే 1999 దాకా ఆగింది. పెట్టుబడి వాటాదారులదైంది, ఏడాది చివర పంచుకునే అలవాటు మాత్రం అలాగే నిలిచింది. లాభంలో వాటా ఉంది, నష్టంలో వాటా పలచబడింది. జనం కోపానికి వేరు ఇక్కడుందని నా అభిప్రాయం.

ఇంతకీ బోనస్ ఎంత ఉంటుంది? తగ్గితే ఎంత తగ్గుతుంది?

న్యూయార్క్ రాష్ట్రానికి కంప్ట్రోలర్ అనే ఒక పదవి ఉంది. రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే పెద్ద అధికారి. ఆ కార్యాలయం ఏటా న్యూయార్క్ నగరంలోని సెక్యూరిటీస్ రంగ (షేర్లు, బాండ్ల వ్యాపారం చేసే రంగం) ఉద్యోగుల సగటు బోనస్ ఎంతో అంచనా కట్టి ప్రకటిస్తుంది. ఊహాగానం కాదు, జీతాల్లోంచి ముందే పట్టుకునే పన్ను లెక్కల ఆధారంగా వేసేది. 2006లో ఆ సగటు 1,91,360 డాలర్లు. 2021కి తొలి అంచనా 2,57,500 డాలర్లు, తర్వాత సవరించి 2,40,400 అన్నారు. 2022లో 26 శాతం పడిపోయి 1,76,700 డాలర్లయింది. 2023లో దాదాపు అంతే. 2024లో మళ్లీ 2,44,700కి ఎగిరింది.

ఈ అంకెల పక్కన లాభాల అంకెలు పెట్టి చూస్తేనే కథ అర్థమవుతుంది. 2022లో వాల్‌స్ట్రీట్ లాభాలు సుమారు 56 శాతం పడిపోయాయి, సగటు బోనస్ తగ్గింది 26 శాతమే. 2011లో లాభాలు సగానికి కిందకు పడ్డాయి, మొత్తం బోనస్ సొమ్ము మాత్రం 14 శాతమే తగ్గిందని అంచనా. 2008 సంగతి ఇంకా విడ్డూరం. ఆ ఏడాది ఈ రంగానికి వచ్చింది లాభం కాదు, వేల కోట్ల డాలర్ల నష్టం. అయినా న్యూయార్క్‌లో పంచిన బోనస్ సొమ్ము 1,840 కోట్ల డాలర్లు. 44 శాతం తగ్గిందన్నారు. తగ్గింది, నిజమే. నష్టం వచ్చిన ఏడాది అసలు ఎందుకు ఇచ్చారన్నది జనం అడిగిన ప్రశ్న.

బ్యాంకుల వైపు నుంచి దీనికో జవాబు ఉంది. కంపెనీ మొత్తం మునిగినా కొన్ని విభాగాలు సంపాదించే ఉంటాయి, పక్కవాడు చేసిన తప్పుకు వాళ్లను ఎందుకు శిక్షించాలి అని. కొట్టిపారేయాల్సిన వాదన కాదు. కానీ లాభాల ఏడాదిలో "మనమంతా ఒక జట్టు", నష్టాల ఏడాదిలో "ఎవరి లెక్క వాళ్లది" అంటే వినేవాళ్లకు చిరాకు పుట్టదా?

సగటు 1,76,700 అంటే అందరికీ అంత వస్తుందా?

రాదు. కొద్దిమందికి వచ్చే పెద్ద మొత్తాలు సగటును పైకి లాగేస్తాయి. లెక్కలు సరిచూసేవాళ్లకు, సాఫ్ట్‌వేర్ చూసేవాళ్లకు, ఆఫీసు సహాయకులకు వచ్చేది దీంతో పోలిస్తే చాలా తక్కువ.  ఇంకో సంగతి, వీధిలోని బ్యాంకు శాఖలో కౌంటర్ వెనక కూర్చునేవాళ్లు ఈ లెక్కలోకే రారు. ఇది సెక్యూరిటీస్ రంగం లెక్క. "బ్యాంకర్లు" అని అందర్నీ ఒకే గాటన కట్టి తిడితే ఆ మాటలు పడాల్సి వచ్చేది చాలాసార్లు ఆ కౌంటర్ ఉద్యోగే.

ఎవరికి ఎంతో ఎవరు తేలుస్తారు?

ముందు కంపెనీ తన ఆదాయంలో ఇంత భాగం జీతభత్యాలకు అని పక్కన పెడుతుంది. 2006లో గోల్డ్‌మన్ అలా పక్కన పెట్టింది దాదాపు 1,650 కోట్ల డాలర్లు. ఉద్యోగులందరి మీదా పంచి చూస్తే తలకు 6,22,000 డాలర్లు. ఆ మొత్తం విభాగాలకు, అక్కడి నుంచి జట్లకు, జట్టు నుంచి మనిషికి దిగుతుంది. చివరికి పైఅధికారి ఒక గదిలోకి పిలిచి నాలుగు మాటలు మాట్లాడి ఒక అంకె చెబుతాడు. వాళ్ల భాషలో దాని పేరే "నంబర్". ఏడాదంతా పడ్డ చాకిరీకి మార్కు అదే. ఏమీ రాకపోతే "డోనట్" అంటారు, సున్నా ఆకారంలో ఉంటుంది కాబట్టి.

బోనస్‌లు తగ్గాయంటే జనం సంతోషించాలి కదా, కోపం దేనికి?

2009 జనవరి సంగతి గుర్తు చేసుకుంటే జవాబు దొరుకుతుంది. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది. అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ ఆర్థిక సంస్థలను ఆదుకోవడానికి 70,000 కోట్ల డాలర్ల పథకం ఆమోదించింది. అప్పటికే జనం ఇళ్లు జప్తులకు పోతున్నాయి, ఉద్యోగాలు పోతున్నాయి. సరిగ్గా ఆ సమయంలో వచ్చింది ఆ 1,840 కోట్ల వార్త. ఒబామా అధ్యక్షుడై పది రోజులు కూడా కాలేదు. ఇది సిగ్గుచేటని బహిరంగంగా అన్నారు. వారం తిరక్కుండా, ప్రభుత్వం నుంచి పెద్దఎత్తున సాయం తీసుకునే కంపెనీల పెద్దల జీతాలకు 5 లక్షల డాలర్ల పరిమితి ప్రకటించారు.

అంటే ఆ కోపం అంకె మీద కాదు. అదే 1,840 కోట్లు అంతకు రెండేళ్ల ముందు ఇచ్చి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. 2006లో అంతకన్నా ఎక్కువే పంచుకున్నారు, రోడ్డెక్కినవాళ్లు లేరు. 2009లో మారింది ఒక్కటే, ఆ డబ్బులో తమ పన్ను కూడా ఉందని జనానికి తెలిసింది. చేతిలో డబ్బులేనివాణ్ణి అప్పు అడిగి తీసుకుని, వాడి కళ్లముందే విందు చేసుకుంటే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

ఆ జులైలో న్యూయార్క్ అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) ఆండ్రూ క్యూమో ఇచ్చిన నివేదిక దీనికి ఇంకా ఆజ్యం పోసింది. సాయం పొందిన తొమ్మిది పెద్ద బ్యాంకులు 2008కి కలిపి ఇచ్చిన బోనస్‌లు దాదాపు 3,260 కోట్ల డాలర్లని తేలింది. పది లక్షల డాలర్లు, అంతకు మించి అందుకున్నవాళ్లే 4,700 మందికి పైగా ఉన్నారు.

ఏఐజీ గొడవ అంటే ఏంటి? ఇప్పటికీ ఎందుకు చెప్పుకుంటారు?

ఏఐజీ బీమా కంపెనీ. దాని ఫైనాన్షియల్ ప్రోడక్ట్స్ అనే విభాగం ఇళ్ల రుణాలతో ముడిపడిన పత్రాలకు హామీలు ఇచ్చి కంపెనీని ముంచింది. 2008 చివరి మూడు నెలల్లో ఏఐజీ నష్టం 6,170 కోట్ల డాలర్లు. అప్పటికి అమెరికా కంపెనీల చరిత్రలో ఒక త్రైమాసికంలో అంత నష్టం ఇంకెవరికీ రాలేదు. ప్రభుత్వం 17,000 కోట్ల డాలర్లకు పైగా సాయానికి పూనుకుని దాదాపు 80 శాతం వాటా తీసుకుంది. 2009 మార్చిలో బయటపడ్డ సంగతి ఏమిటంటే, ముంచిన ఆ విభాగంలోని వాళ్లకే 16.5 కోట్ల డాలర్లు బోనస్‌గా ఇచ్చారు. అదీ "ఉద్యోగం వదిలి వెళ్లకుండా ఉండటానికి" ఇచ్చే బోనస్. పది లక్షల డాలర్లు, అంతకు మించి అందుకున్నవాళ్లు 73 మంది. అందులో 11 మంది అప్పటికే ఉద్యోగం వదిలి వెళ్లిపోయారు! వెళ్లకుండా ఉండటానికి డబ్బు తీసుకుని వెళ్లిపోయినవాళ్ల గురించి చదివాక ఎవరికైనా తిక్క రేగుతుంది.

ముందే రాసుకున్న ఒప్పందాలు, ఇవ్వకపోతే కోర్టుకు పోతారు అన్నది కంపెనీ వాదన. అదే వారాల్లో కార్ల కంపెనీల కార్మికులను మాత్రం ఒప్పందాలు సడలించుకోమని ఒత్తిడి చేస్తున్నారు. ఈ తేడా జనం కంట పడకుండా పోలేదు. మార్చి 19న ప్రతినిధుల సభ 328-93 ఓట్లతో ఒక బిల్లు ఆమోదించింది. 500 కోట్ల డాలర్లకు మించి ప్రభుత్వ సాయం తీసుకున్న సంస్థల్లో, కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు దాటినవాళ్ల బోనస్ మీద 90 శాతం పన్ను వేయాలని. సెనేట్‌లో అది ముందుకు కదల్లేదు. అధికారుల ఇళ్లు చూపిస్తామని కనెక్టికట్‌లో కొందరు ఒక బస్సు కూడా నడిపారు. ఆ బస్సు వెంట నిరసనకారులకన్నా విలేకరులే ఎక్కువగా ఉన్నారని అప్పటి వార్తలు.

16.5 కోట్లు అంటే మొత్తం సాయంలో వెయ్యో వంతు. అంత చిన్న ముక్క మీద అంత గోలేమిటని అప్పుడే కొందరు విసుక్కున్నారు. నిజానికి 17,000 కోట్లంటే మనిషి ఊహకు అందదు. ఒక మనిషి చేతికి పది లక్షల డాలర్లంటే వెంటనే అందుతుంది. కోపం ఎప్పుడూ ఊహకు అందినదాని మీదే దిగుతుంది.

బోనస్ తిరిగి ఇచ్చేసినవాళ్లు, వద్దన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. 2008 నవంబరులో గోల్డ్‌మన్ పెద్దలు ఏడుగురు ఆ ఏడాది బోనస్ వద్దన్నారు. అప్పటి ఏఐజీ అధిపతి ఎడ్వర్డ్ లిడ్డీ ఏడాదికి ఒక్క డాలర్ జీతానికి పనిచేశారు. లక్ష డాలర్లకు పైగా అందుకున్నవాళ్లు కనీసం సగం వెనక్కి ఇవ్వమని ఆయనే అడిగారు, కొందరు ఇచ్చారు. 2012 జనవరిలో బ్రిటన్‌లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ అధిపతి స్టీఫెన్ హెస్టర్ దాదాపు పది లక్షల పౌండ్ల విలువైన షేర్ల బోనస్ వదులుకున్నారు. అప్పట్లో ఆ బ్యాంకులో అత్యధిక వాటా ప్రభుత్వానిదే. పత్రికలు, పార్లమెంటు కలిసి వాయించాక వదులుకోవడాన్ని త్యాగం అనలేం గానీ, వదులుకున్న మాట నిజం.

ఏఐజీలో ఒక ఉన్నతోద్యోగి రాసిన రాజీనామా లేఖ ఆ మార్చిలో న్యూయార్క్ టైమ్స్‌లో అచ్చయింది. తనూ ఒక్క డాలర్ జీతానికే పనిచేశానని, కంపెనీని ముంచిన వ్యాపారంతో తనకు సంబంధం లేదని, పన్ను పోగా చేతికొచ్చిన 7,42,006 డాలర్లూ దానం చేసేస్తున్నానని రాశాడు. ఆ ఉత్తరం చదివి కొందరు మెత్తబడ్డారు. ఇంకొందరికి ఆ అంకె తప్ప ఇంకేమీ కనిపించలేదు. నాకు రెండు స్పందనలూ సహజంగానే తోచాయి.

2012లో అందరూ నవ్వుకున్న ఆ "కష్టాల కథ" ఏంటి?

2011 సెప్టెంబరు 17న న్యూయార్క్ జుకోటీ పార్కులో "ఆక్యుపై వాల్‌స్ట్రీట్" (వాల్‌స్ట్రీట్‌ను ఆక్రమిద్దాం) అనే నిరసన మొదలైంది. "99 శాతం మేమే" అన్న నినాదం ఊరూరా పాకింది. ఆ చలికాలంలోనే బోనస్ కోతలు వచ్చాయి. మోర్గన్ స్టాన్లీ ఒకరికి వెంటనే చేతికిచ్చే నగదు 1,25,000 డాలర్లు మించకూడదని నిర్ణయించింది, మిగతాది తర్వాతి ఏళ్లకు వాయిదా. సణుగుతున్న సొంత ఉద్యోగుల గురించి ఆ బ్యాంకు అధిపతి జేమ్స్ గోర్మన్ టీవీలోనే, అంత బాధగా ఉంటే వెళ్లిపోవచ్చు అన్న అర్థంలో మాట్లాడారు. బయటి జనం అనాల్సిన మాట లోపలి పెద్దే అనేశారు.

ఆ ఫిబ్రవరి చివర్లో బ్లూంబర్గ్ వార్తాసంస్థ ఒక కథనం ఇచ్చింది. బోనస్ తగ్గాక ఈ రంగంలోని వాళ్లు ఎలా సర్దుకుంటున్నారన్నది విషయం. ఏడాదికి మూడున్నర లక్షల డాలర్లు వచ్చే ఒకాయన, ప్రైవేటు బడి ఫీజు, వేసవి ఇంటి అద్దె, ఇరుకు ఇల్లు, గిన్నెలు చేత్తో కడుక్కోవాల్సి రావడం గురించి చెప్పుకున్నాడు. ఇంకొకాయన కుక్కల మీద ఏడాదికి 17,000 డాలర్లు ఖర్చవుతుందన్నాడు. అమెరికాలో 2011లో ఒక కుటుంబం మధ్యస్థ ఆదాయం 50,000 డాలర్ల పైచిలుకు. అంటే ఆ కుక్కల ఖర్చు ఓ మామూలు కుటుంబపు నాలుగు నెలల సంపాదన. ఇక చూడాలి జనం విరగబడి నవ్వడం! ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు అని మన సామెత. పడుకున్న ఏనుగు తాను పొట్టిదాన్నైపోయానని గుర్రం దగ్గర వాపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆ మనుషుల మీద నాకు కొంత జాలి ఉంది. నిజాయితీగా అడిగితే నిజాయితీగా చెప్పారు, అంతే. అదే లెక్కలు మనసులో వేసుకుని నోరు మూసుకున్నవాళ్లు వేలల్లో ఉండి ఉంటారు.

అయితే వాళ్ల బాధలో నిజం బొత్తిగా లేదా?

ఉంది. డేనియల్ కానమన్, ఏమస్ ట్వర్స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ఒక సిద్ధాంతం ప్రచురించారు. మనిషి తన దగ్గర మొత్తం ఎంత ఉందని చూసుకోడు, అలవాటైన మెట్టు నుంచి పైకి వెళ్లాడా కిందకు జారాడా అని చూసుకుంటాడు. పైగా వంద వచ్చిన సంతోషం కన్నా వంద పోయిన బాధే పెద్దది. ఈ సూత్రం పేదవాడికీ వర్తిస్తుంది, బ్యాంకు తరఫున షేర్లు కొని అమ్మే ట్రేడర్‌కీ వర్తిస్తుంది. నిరుడు నాలుగు లక్షలు వచ్చినవాడికి ఈసారి రెండున్నర వస్తే వాడి దృష్టిలో లక్షన్నర పోయినట్టే. నిరుటి నాలుగు లక్షలను నమ్ముకుని ఇంటికి అప్పు చేసి ఉంటే టెన్షన్ మరీ ఎక్కువ.

పక్క కుర్చీ సంగతీ ఉంది. ఈ ఉద్యోగాల్లో తనకెంత వచ్చిందన్న దానికన్నా పక్కవాడికెంత వచ్చిందన్నదే నిద్ర పట్టనివ్వదు. కాబట్టి బాధ నిజం. దాన్ని బాధ తెలియనివాళ్ల ముందు కాదు, అంతకన్నా పెద్ద బాధల్లో ఉన్నవాళ్ల ముందు చెప్పుకోవడమే వచ్చిన చిక్కు.

వాళ్ల బోనస్ తగ్గితే మిగతావాళ్లకు వచ్చే నష్టం ఏమైనా ఉందా?

న్యూయార్క్‌లో ఉంది, గట్టిగానే ఉంది. 2021-22 ఆర్థిక సంవత్సరంలో రాష్ట్ర పన్ను వసూళ్లలో 22 శాతం వాల్‌స్ట్రీట్ పుణ్యమేనని కంప్ట్రోలర్ అంచనా. నగరం పన్నుల్లో సుమారు 8 శాతం. బోనస్ సొమ్ము కుంచించుకుపోతే బడులకు, రైళ్లకు, ఆసుపత్రులకు వెళ్లాల్సిన డబ్బులో ఆ మేరకు చిల్లు పడుతుంది. కంప్ట్రోలర్ కార్యాలయం ఏటా ఆ అంచనా వేసేది కూడా ఇందుకే. బ్యాంకర్లు ఎలా ఉన్నారో కనుక్కుందామని కాదు, ఖజానాకు ఎంత వస్తుందో తెలుసుకుందామని.

హోటళ్లు, టాక్సీలు, ఇళ్ల మరమ్మతులు చేసేవాళ్లు కూడా బోనస్ కాలం మీద కొంత ఆధారపడతారు. కోత పడిన ఏడాది "బాగా అయింది" అనుకున్న వెయిటర్‌కు ఆ నెల టిప్పులూ తగ్గి ఉంటాయి. ఒక నగరం బతుకు ఇంతగా ఒక్క రంగం బోనస్‌తో ముడిపడి ఉండటమే అసలు చింతించాల్సిన విషయం కాదా అంటే, అవును, నేనూ అదే అంటాను.

బోనస్ తగ్గిస్తే "తెలివైనవాళ్లు వెళ్లిపోతారు" అంటారు. నిజమా?

కొంత నిజం. హెడ్జ్ ఫండ్లు, ప్రైవేటు ఈక్విటీ లాంటి, పెద్ద మదుపరుల సొమ్ముతో పెట్టుబడులు పెట్టే సంస్థలకు, టెక్నాలజీ కంపెనీలకు వెళ్లినవాళ్లు ఉన్నారు. కానీ కోత పడేది సాధారణంగా అన్ని బ్యాంకుల్లోనూ ఒకేసారి. అలాంటి ఏడాది ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు తక్కువ, తీసేసేవాళ్లు ఎక్కువ. 2023 జనవరిలో గోల్డ్‌మన్ దాదాపు 3,200 మందిని తీసేసింది. దాని అధిపతి డేవిడ్ సాలమన్ ప్రతిఫలమూ 3.5 కోట్ల డాలర్ల నుంచి 2.5 కోట్లకు తగ్గింది. అలాంటప్పుడు బోనస్ చిన్నదైందని అలిగి వెళ్లేవాళ్లు ఎందరుంటారు? ఏఐజీ ఉదంతం తర్వాత ఈ వాదన విన్న మామూలు మనిషి ఠక్కున అనే మాట ఇంకోటుంది: "కంపెనీని ముంచిన తెలివే కదా, వెళ్లనివ్వండి."

నగదు బదులు షేర్లు ఇస్తే బోనస్ తగ్గినట్టేనా?

తగ్గినట్టు కాదు, ఆలస్యమైనట్టు. మూడు నాలుగేళ్లలో విడతలుగా చేతికొస్తుంది, మధ్యలో ఉద్యోగం మానేస్తే సాధారణంగా పోతుంది. మోసం బయటపడితే వెనక్కి లాక్కునే షరతు కూడా పెడతారు. ఇందులో నాకు బాగా నచ్చిన ప్రయోగం 2008 డిసెంబరులో స్విట్జర్లాండ్ బ్యాంకు క్రెడిట్ స్విస్ చేసింది. కొనేవాళ్లు లేక బ్యాంకు మెడకు చుట్టుకున్న రుణాలు, పత్రాలను ఒక నిధిగా చేసి సీనియర్ ఉద్యోగులకు బోనస్‌లో భాగంగా పంచింది. వండినవాళ్లే తినండి అన్నమాట. ఉద్యోగులు మండిపడ్డారు, బయటి జనం చప్పట్లు కొట్టారు. తమాషా ఏంటంటే, తర్వాత మార్కెట్ కోలుకుని ఆ నిధి విలువ పెరిగింది.

ఇన్ని గొడవలు జరిగాక చట్టాలేమైనా వచ్చాయా?

బ్రిటన్‌లో 2009 డిసెంబరులో ఆర్థికమంత్రి అలిస్టర్ డార్లింగ్ ఒక్కసారికి మాత్రమే వర్తించేలా పన్ను వేశారు. 25,000 పౌండ్లు దాటిన బోనస్ మీద 50 శాతం, కట్టాల్సింది బ్యాంకు. చాలా బ్యాంకులు బోనస్ తగ్గించడం మానేసి పన్ను కట్టేశాయి. ఖజానాకు అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చింది, బోనస్ అలవాటు మాత్రం మారలేదు.

యూరోపియన్ యూనియన్ 2014 నుంచి పరిమితి తెచ్చింది. బోనస్ స్థిర జీతానికి మించకూడదు, వాటాదారులు ఒప్పుకుంటే రెండింతల దాకా ఇవ్వొచ్చు. బ్యాంకులు ఏం చేశాయి? స్థిర జీతాలు పెంచేశాయి, రకరకాల అలవెన్సులు పుట్టించాయి. బోనస్ కోసిన మాట నిజమే, మొత్తం సంపాదన మీద దెబ్బ పెద్దగా పడలేదు. బ్రిటన్ ఈ పరిమితిని ఎత్తేస్తామని ప్రకటించింది 2022 సెప్టెంబరులో. జనం కరెంటు, గ్యాస్ బిల్లులకు బెంబేలెత్తుతున్న రోజులవి. నిర్ణయం వెనక ఏ తర్కం ఉన్నా సమయం మాత్రం దారుణం. జనం దృష్టిలో అది బ్యాంకర్లకు కానుకగానే నిలిచిపోయింది. 2023 అక్టోబరు 31న ఎత్తేశారు కూడా.

స్విట్జర్లాండ్‌లో 2013 మార్చిలో ప్రజలే ఓటేశారు. కంపెనీ పెద్దల ప్రతిఫలాన్ని వాటాదారులు ఆమోదించి తీరాలన్న ప్రతిపాదనకు దాదాపు 68 శాతం మద్దతు. పదేళ్ల తర్వాత క్రెడిట్ స్విస్ కూలినప్పుడు, అక్కడి ప్రభుత్వం పై మూడు స్థాయుల అధికారులకు రావాల్సిన బోనస్‌లను పూర్తిగానో, సగమో, పావువంతో కోయమని ఆదేశించింది.

ఈ కోపం పాశ్చాత్య దేశాల్లోనేనా?

కాదు. చైనాలో 2022లో ఒక పెద్ద పెట్టుబడి బ్యాంకు ఉద్యోగి భార్య, భర్త నెల సంపాదన సగటున 82,500 యువాన్లని చూపే పత్రాన్ని సోషల్ మీడియాలో పెట్టింది. జనం మండిపడ్డారు, బ్యాంకు ఆయన్ని సస్పెండ్ చేసింది. తర్వాతి నెలల్లో ఆర్థిక రంగమంతా జీతాల కోతలు మొదలయ్యాయి. 2023లో అవినీతి నిరోధక సంస్థ "ఆర్థిక రంగ ప్రముఖులం" అనే అహం, విలాసాలు వదులుకోమని బహిరంగంగా హెచ్చరించింది. తేడా ఒక్కటే. అక్కడ జనం కోపానికి ప్రభుత్వం తోడైతే చట్టసభ ఓటింగుతో పనిలేదు.

2024లో రికార్డు బోనస్‌లు ఇచ్చారు కదా, అప్పుడు గోల ఎందుకు లేదు?

మొత్తం 4,750 కోట్ల డాలర్లు, అంతకుముందు ఎప్పుడూ లేనంత. వార్త వచ్చింది, పోయింది. లాభాలూ బాగా పెరిగాయి, ఎవరి పన్ను డబ్బూ అందులో కలవలేదు. బోనస్ పెరిగినప్పుడు ఊరుకుని, తగ్గినప్పుడు ఎగతాళి చేయడం వింతగా అనిపించవచ్చు. పెరిగినప్పుడు అందుకున్నవాళ్లు నోరు విప్పరు. తగ్గినప్పుడే మాట్లాడతారు.

మా స్నేహితుడు అక్కడే పనిచేస్తాడు. బోనస్ తగ్గిందని దిగులుగా ఉన్నాడు. ఏమనాలి?

ఏమీ అనకండి, వినండి. ఉద్యోగం ఉంది కదా అని ఓదార్చకండి, ఆ మాట ఈపాటికి తనకు తానే వందసార్లు చెప్పుకుని ఉంటాడు. ఎంత తగ్గిందని మాత్రం అడక్కండి. అడిగితే చెబుతాడు, చెప్పి మీ ముఖంలోకి చూస్తాడు. అప్పుడు నవ్వు ఆపుకోవడం కష్టం.